మూత పెట్టండి, తేదీ రాసుకోండి

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం రెండు పెట్టెలతో తేనెటీగల పెంపకం మొదలుపెట్టాను. రెండూ సెరానా ఈగలే, అంటే మన దేశవాళీ జాతి. మొదటి నాలుగు నెలలు బాగా సాగింది, రెండుసార్లు తేనె కూడా తీశాను. రెండోసారి తీసిన నెల రోజులకు ఒక పెట్టెలో ఈగలన్నీ ఉన్నట్టుండి లేచిపోయాయి. పొద్దున చూస్తే పెట్టె ఖాళీ. పట్టులో ఒక్క చుక్క తేనె లేదు. సాలెగూడు లాంటి దారాలు, పురుగులు మాత్రం ఉన్నాయి. అప్పటి నుంచి భయం పట్టుకుని రెండో పెట్టెను రెండు మూడు రోజులకోసారి తెరిచి చూస్తున్నాను. మూత తీయగానే ఈగలన్నీ ఒక్కసారిగా 'స్స్' మంటున్నాయి. ఫ్రేములు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఎత్తితే పట్టు విరిగి తేనె కారుతోంది. రెండు వారాలుగా రాణి కనపడటం లేదు. పోయిన ఆదివారం చూస్తే పట్టు మధ్యలో వేరుశనక్కాయల్లాంటివి మూడు వేలాడుతున్నాయి, అందులో రెండింటికి మూత పడింది. వాటిని కోసెయ్యమని ఒకరు, కొత్త రాణిని కొనుక్కోమని ఇంకొకరు చెబుతున్నారు. కొన్ని అరల మూతలకు సూది గుచ్చినట్టు చిల్లులున్నాయి, అది రోగమా? మధ్యాహ్నం పూట వందల ఈగలు పెట్టె ముందు గిరగిరా తిరుగుతుంటే ఇవి కూడా పోతాయేమోనని ఒకటే టెన్షన్. తీసిన తేనె సీసాలో నురగ కట్టింది. పోయిన వారం కుడితే చెయ్యి రెండు రోజులు వాచింది. పక్కింటివాళ్లేమో వాళ్ల నీళ్ల తొట్టి దగ్గర ఈగలు మూగుతున్నాయని గొడవ. ఇది నా వల్ల అయ్యే పని కాదేమో, మానెయ్యమంటారా? – ఒక పాఠకుడు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఎనిమిది నెలలు, రెండు వారాలు, పోయిన ఆదివారం అన్న మాటలున్నాయి కానీ, ఒక్క తేదీ కూడా లేదు. ఎత్తిపొడుపుగా అనడం లేదు. మొదటి రెండేళ్లూ నేనూ ఇలాగే ఉన్నాను. మీరు రాసిన కష్టాల్లో సగం, రోజులు లెక్కపెడితే వాటంతట అవే తేలిపోయేవి. మిగతా సగంలో ఒకటి రెండు నిజంగా జాగ్రత్త పడాల్సినవి. తొందరగా తేల్చాల్సింది రెండో పెట్టె సంగతి కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

ఆ వేరుశనక్కాయల్లాంటివి రాణి గదులు, అంటే కొత్త రాణులు పెరిగే అరలు. వాటిని ముట్టుకోకండి. కోసెయ్యమని చెప్పినవాళ్లు స్వార్మింగ్ గురించి విని ఉంటారు. ఈగలు బాగా పెరిగి పెట్టె ఇరుకైనప్పుడు కొత్త రాణిని తయారు చేసుకుని, పాత రాణి సగం మందిని వెంటేసుకుని వేరే చోటికి వెళ్లిపోతుంది. అలా విడిపోవడానికి కట్టే గదులు ఎక్కువగా పట్టు కింది అంచున, పక్క అంచున వరసగా, సంఖ్యలో చాలానే ఉంటాయి. మీకు కనిపించినవి మూడు, అవి కూడా పట్టు మధ్యలో. పెట్టె నిండా ఈగలున్నాయని కూడా మీరు రాయలేదు. ఇలా మధ్యలో రెండో మూడో వేలాడితే సాధారణంగా రెండే కారణాలు. రాణి ముసలిదై ఈగలే దాన్ని మార్చుకుంటున్నాయి, లేదా రాణి హఠాత్తుగా చచ్చిపోతే ఉన్న పిల్లల్లోంచి కొత్తదాన్ని పెంచుకుంటున్నాయి. రెండింటిలో ఏదైనా సరే, ఆ మూడు గదులే ఇప్పుడు మీ పెట్టెకున్న ఆస్తి.

హఠాత్తుగా ఎందుకు చచ్చిపోతుందంటారా? రెండు మూడు రోజులకోసారి, అతుక్కుపోయిన ఫ్రేములను పీకి ఎత్తుతుంటే మధ్యలో ఒకసారి నలిగిపోయి ఉండొచ్చు. అలాగే జరిగిందని చెప్పలేను. జరిగే అవకాశం మాత్రం ఉంది, నా చేతుల్లో జరిగింది కూడా.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. రెండో ఏడు నా పెట్టెలో ఏడు రాణి గదులు కనిపించాయి. విడిపోతాయన్న భయంతో ఏడింటినీ చాకుతో కోసి, మంచి పని చేశాననుకుంటూ మూత పెట్టాను. అప్పటికే పాత రాణి సగం ఈగలతో వెళ్లిపోయిందని నాకు తెలియదు. పట్టులో గుడ్లు ఉన్నాయో లేదో చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. కొత్త రాణిని చేసుకోవడానికి లేత పిల్ల ఒక్కటీ మిగల్లేదు. రెండు నెలల్లో ఆ పెట్టె గుప్పెడు ఈగలకు వచ్చి ఆరిపోయింది. దాన్ని చంపింది రోగమూ కాదు, కరువూ కాదు. నా చాకు. ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు కొన్నాను.

ఆ నోటుబుక్కు మొదటి పేజీలో ఇప్పటికీ మూడు అంకెలున్నాయి: 16, 21, 24. గుడ్డు పెట్టిన రోజు నుంచి బయటికి రావడానికి రాణికి 16 రోజులు, కూలి ఈగకు 21, పోతుటీగకు 24. ఇవి మెల్లిఫెరా అనే యూరప్ తేనెటీగ జాతి లెక్కలు. మీ సెరానాలో కూలి ఈగ ఒకటి రెండు రోజులు ముందే వస్తుంది. తేడా పెద్దది కాదు, పనికి ఈ లెక్క చాలు. మూడు రకాలకూ గుడ్డు దశ మాత్రం మూడు రోజులే. రాణి గదికి ఎనిమిదో రోజు ప్రాంతంలో మూత పడుతుంది. అంటే మూత పడ్డ గదిలోంచి రాణి రావడానికి ఎక్కువలో ఎక్కువ ఇంకో ఎనిమిది రోజులు.

ఇప్పుడు మీ ఆదివారాన్ని ఒకటో రోజు అనుకోండి. తొమ్మిదో రోజుకల్లా మొదటి రాణి బయటికి వస్తుంది. రాగానే మిగతా గదుల పని పడుతుంది, అది వాళ్ల ఇంటి గొడవ, మనకెందుకు. ఆ తర్వాత వారం రోజుల వరకు ఒళ్లు గట్టిపడాలి. అప్పుడు గాలి లేని, ఎండ ఉన్న మధ్యాహ్నం చూసి బయటికి ఎగిరి, ఆకాశంలోనే పది పన్నెండు పోతుటీగలతోనో, ఇంకా ఎక్కువ వాటితోనో కలిసి తిరిగొస్తుంది. వాన పడితే ఆ ప్రయాణం వాయిదా. తిరిగొచ్చిన రెండు మూడు రోజులకు గుడ్లు మొదలవుతాయి. ఇదంతా కలిపితే మూడు వారాలు, వాతావరణం సహకరించకపోతే ఇంకొన్ని రోజులు. అందుకే 25వ రోజు వరకు ఆ పెట్టె మూత తీయొద్దు. ముఖ్యంగా మధ్యాహ్నం పూట అసలు తీయొద్దు. బయటికి వెళ్లిన కన్నెరాణి తిరిగొచ్చేసరికి పెట్టె విప్పదీసి ఉండి, ముందు మీరు నిలబడి ఉంటే అది దారి తప్పే ప్రమాదం ఉంది. కలవరపడ్డ కూలి ఈగలు సొంత రాణినే చుట్టుముట్టి చంపేయడమూ ఉంది.

రాణిని కొనుక్కోమన్న సలహా సంగతి. లోపల కన్నెరాణి ఉండగా, లేదా రాణి గదులు ఉండగా, బయటి రాణిని పెడితే ఈగలు దాన్ని బతకనివ్వవు. డబ్బు దండగ.

25వ రోజు తెరిచినప్పుడు కూడా రాణి కోసం వెతకకండి. మీకు రెండు వారాలుగా కనపడలేదంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు. సెరానా ఈగలు వెలుతురు తగలగానే పట్టు మీద పరుగులు తీస్తాయి, రాణి వాటి మధ్య దూరిపోతుంది. నేను కూడా చాలాసార్లు దాన్ని చూడకుండానే పెట్టె మూస్తాను. చూడాల్సింది గుడ్లు. ఎండ మీ భుజం మీదుగా అరల్లోకి పడేలా ఫ్రేము పట్టుకోండి. అర అడుగున తెల్లదారం తుంపులా నిలబడి ఉంటుంది గుడ్డు. ఒక్క అరలో ఒక్క గుడ్డు, నడిమధ్యన, పక్కపక్క అరల్లో వరసగా ఉంటే చాలు. మూడు రోజుల్లోపు రాణి అక్కడ తిరిగింది. మూత పెట్టేయండి.

ఫ్రాన్స్వా హూబర్ అనే జెనీవా మనిషికి చిన్న వయసులోనే చూపు పోయింది. పరిచారకుడు బర్నెన్స్ చూసి చెబుతుంటే, ఈయన ప్రశ్నలు వేస్తూ, రోజులు లెక్కిస్తూ ఏళ్ల తరబడి తేనెటీగలను పరిశీలించాడు. రాణి పెట్టె లోపల కాక బయట గాలిలో జతకడుతుందని తేల్చినవాళ్లలో ఆయన ఒకడు. 1792లో అచ్చువేసిన ఆ పరిశీలనల్లో చాలావాటికి నేటికీ తిరుగులేదు. రాణి కనపడలేదని బెంగపడినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

25వ రోజుకీ గుడ్లు లేకపోతే ఏం చేయాలి? ఇంకో వారం ఆగండి. అప్పటికీ లేకపోతే, లేదా ఒక్కో అరలో నాలుగైదు గుడ్లు, అడుగున కాకుండా గోడలకు అంటించినట్టు కనిపిస్తే కథ వేరు. రాణి లేక కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయని అర్థం. వాటికి జతకట్టడం లేదు కాబట్టి ఆ గుడ్లలోంచి పోతుటీగలే వస్తాయి. సెరానాలో ఈ వ్యవహారం త్వరగా మొదలవుతుంది. తెలిసిన పెంపకందారుడెవరైనా ఉంటే అదే జాతి ఈగల పెట్టె నుంచి గుడ్లు, లేత పిల్లలు ఉన్న ఒక ఫ్రేము అడిగి తెచ్చి మధ్యలో పెట్టండి. వారం తర్వాత రాణి గది మొదలైందో లేదో చూసి మళ్లీ ఇంకొకటి పెట్టండి. మొదటి ఫ్రేముకే దారిలోకి వస్తాయని ఆశించకండి, రెండు మూడు పట్టొచ్చు. ఈగలు మరీ తగ్గిపోయి ఉంటే ఆ తంటా కూడా అనవసరం, రాణి ఉన్న వేరే పెట్టెలో కలిపేయడమే మేలు.

మూతల మీద చిల్లులకు భయపడకండి. ముందు ఏ మూతలో చూడండి. సెరానాలో పోతుటీగల అరల మూతలు కొంచెం ఎత్తుగా, మొనదేలి ఉంటాయి. వాటి కొసన సూదిమొనంత రంధ్రం ఉండటం ఆ జాతి లక్షణం. మొదటిసారి చూసి నేను కూడా ఏదో పురుగు తొలిచిందనుకున్నాను. అదే చిల్లు కూలి ఈగల చదునైన మూతల మీద ఉండి, ఆ మూతలు లోపలికి కుంగి, తెరిచి చూస్తే పిల్ల తల పైకెత్తి, నీళ్ల సంచిలా మారి చచ్చి ఉంటే అది శాక్‌బ్రూడ్ అనే వైరస్ రోగం. సెరానా పెట్టెలను అది ఊడ్చిపెట్టేయగలదు. మందు లేదు. పట్టు తగ్గించి ఈగలను ఒత్తుగా ఉంచడం, మేత అందేలా చూడటం, ఆ పెట్టె ఫ్రేములు మరో పెట్టెకు మార్చకపోవడం, ఇవే చేతిలో ఉన్న పనులు. మీరు రాసిన దాన్నిబట్టి మీవి పోతుటీగల మూతలే అనిపిస్తోంది. 25వ రోజున ఎలాగూ చూస్తారు.

మూత తీయగానే 'స్స్' మనడం కూడా జాతి లక్షణమే. అలజడి కలిగితే సెరానా ఈగలు ఒక్కసారిగా రెక్కలు అదిలించి బుసకొడతాయి. పాము బుసలా ఉండి కొత్తవాళ్లు అదిరిపడతారు. వెంటనే కుట్టడానికి వస్తాయని కాదు, మీరొచ్చారని తెలిసిందని అర్థం.

ఇక వెళ్లిపోయిన పెట్టె. 'లేచిపోయాయి' అని రాశారు, నవ్వొచ్చింది. ప్రేమ వ్యవహారాల్లాగే ఇది కూడా ఇంట్లోవాళ్లకు మాత్రమే 'ఉన్నట్టుండి' జరుగుతుంది. వాళ్లు మాత్రం వారాల ముందే సిద్ధపడి ఉంటారు. పెట్టె వదిలిపోవాలనుకున్న ఈగలు మొదట పుప్పొడి తేవడం తగ్గిస్తాయి. రాణి గుడ్లు తగ్గించి ఆపేస్తుంది. ఉన్న పిల్లలు ఒక్కొక్కరే బయటికి వచ్చేదాకా ఆగుతాయి. దాచిన తేనె తాగేస్తాయి. చివరి పిల్ల కూడా వచ్చేశాక ఒక రోజు అందరూ కలిసి వెళ్లిపోతారు. మీ ఖాళీ పట్టులో ఒక్క చుక్క తేనె లేకపోవడం, పిల్లలు మిగిలి ఉన్నాయని మీరు రాయకపోవడం చూస్తే ఇదే జరిగింది. విడిపోవడమైతే సగం ఈగలు ఉండేవి. రోగమైతే అడుగున శవాలో, అరల్లో చచ్చిన పిల్లలో కనిపించేవి.

ఎందుకు వెళ్లాయి? మీకు కనిపించిన దారాలు మైనపు పురుగువి, మీరు దాని మీద నేరం మోపుతున్నట్టున్నారు. నాకు అలా అనిపించడం లేదు. బలంగా ఉన్న ఈగలు మైనపు పురుగును పట్టు మీద నిలవనివ్వవు, పిల్లగా ఉన్నప్పుడే లాగి పారేస్తాయి. ఈగలు తగ్గి, కాపలా లేని పట్టు మిగిలితేనే అది దారాలు అల్లుకుంటూ లోపలికి తొలుచుకుపోతుంది. ఇంటి దొంగ కంటే ముందు ఇంట్లో ఆకలి వచ్చింది. రెండోసారి తేనె తీసిన నెలకు వెళ్లిపోయాయని మీరే రాశారు. ఆ నెలలో చుట్టూ పూలు ఉన్నాయా? ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో ఏం పూస్తోందో మనం సాధారణంగా గమనించం, ఈగల బతుకంతా దాని మీదే. పూత అయిపోయే ముందు తేనె గది మొత్తం ఖాళీ చేస్తే వాటికి మిగిలేది పస్తు. పస్తులుండి అక్కడే చావడం మెల్లిఫెరా పద్ధతి. పూలున్న చోటు వెతుక్కుంటూ మూటాముల్లె సర్దుకోవడం సెరానా పద్ధతి. నన్నడిగితే రెండోదే తెలివైనది, మనకు నష్టమైనా సరే.

కాబట్టి రెండో పెట్టెకు ఇప్పుడు కావాల్సింది తిండి. తెల్ల చక్కెర, నీళ్లు సమానంగా కలిపి, పూర్తిగా కరిగాక, చల్లారాక ఇవ్వండి. మేత గిన్నె పై మూత కింద పెట్టేది అయితే పట్టు కదపకుండా నిమిషంలో పని అవుతుంది. 25 రోజులు మూత తీయొద్దన్నది ఫ్రేములు కదిలించొద్దని. సాయంత్రం చీకటి పడే వేళ ఇవ్వండి, రాత్రికి తాగేయగలిగినంతే పొయ్యండి. ఈగలు మునిగిపోకుండా గిన్నెలో నాలుగు పుల్లలు వేయండి. పెట్టె బయట ఒక్క చుక్క ఒలికినా వెంటనే తుడిచేయండి, లేకపోతే చీమలు, వేరే గుంపుల ఈగలు వాసన పట్టి దోపిడీకి వస్తాయి. ఎవరి తేనెనో తెచ్చి మేతగా పెట్టకండి, అందులో ఏ రోగం దాగుందో కంటికి తెలియదు. మీ నురగ కట్టిన తేనె కూడా పెట్టకండి. స్టాండు కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉన్నాయి కదా? లేకపోతే ఈరోజే పెట్టండి.

మొదటి పెట్టె పాత పట్టు మాత్రం దాచుకోకండి. పిల్లలు పెరిగిన నల్లపట్టు అంటే మైనపు పురుగుకు ప్రాణం. సెరానా ఈగలకు ఎలాగూ పాతపట్టు నచ్చదు, కొరికి కింద పారేసి కొత్తది కట్టుకుంటాయి. కరిగించి మైనం తీసుకోండి, పెట్టె గీకి ఎండలో పెట్టండి.

ఫ్రేములు అతుక్కుపోతున్నాయన్నది చూసి ఒక అనుమానం వచ్చింది. ఈగలకు తిరగడానికి చోటు ఉండాలని ఒక ఫ్రేము తీసేశారా? చాలామంది చేస్తారు. 1851లో లోరెంజో లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికన్ పాస్టరు గమనించినది ఇదే. సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు ఉంటే ఈగలు దాన్ని నడవగా వదిలేస్తాయి. అంతకంటే ఇరుకైతే జిగురుతో పూడ్చేస్తాయి, వెడల్పైతే అడ్డంగా పట్టు కట్టేస్తాయి. ఎత్తి తీయగలిగే ఫ్రేముల పెట్టె మొత్తం ఆ సందు మీదే నిలబడింది. మీరు దయతో వదిలిన చోటును అవి గోడతో నింపాయి. 25వ రోజున ఆ అడ్డు పట్టు నెమ్మదిగా కోసి, ఫ్రేములన్నీ దగ్గరికి జరిపి, మిగిలిన ఖాళీ ఒక పక్కకు నెట్టి పలక అడ్డం పెట్టండి.

మూత తీయకుండా ఉండలేనంటారా? గుమ్మం ముందు కూర్చోండి. అందుకే మధ్యాహ్నపు గిరగిరల సంగతి ఇక్కడిదాకా ఆపాను. ఎండ వేళ ఒక ఇరవై ముప్పై నిమిషాలు ఈగలు పెట్టె వైపు ముఖం పెట్టి గాలిలో అటూ ఇటూ ఊగుతూ, గుండ్రాలు పెద్దవి చేసుకుంటూ ఎగిరి, తర్వాత అంతా సద్దుమణిగితే అవి కుర్ర ఈగలు. మొదటిసారి బయటికొచ్చి ఇల్లు గుర్తుపెట్టుకుంటున్నాయి. చూడముచ్చటైన సంగతి, టెన్షన్ పడాల్సింది కాదు. దోపిడీ అయితే అది సద్దుమణగదు. గుమ్మం దగ్గర కుస్తీలు, పెట్టె సందుల్లో వాసన చూస్తూ తచ్చాడటం, కాళ్లకు పుప్పొడి లేకుండా లోపలికి దూరి కడుపు నింపుకుని రావడం కనిపిస్తాయి. అప్పుడు గుమ్మాన్ని రెండు ఈగలు పట్టేంత ఇరుకు చేసి, మేత ఆపేయండి.

గుమ్మం ఇంకా చాలా చెబుతుంది. పుప్పొడి ముద్దలతో వరసగా వస్తున్నాయంటే లోపల పిల్లలకు తినిపించే పని ఉందన్నమాట. ఇంకో మూడు వారాలకు, కొత్త రాణి గుడ్లు మొదలుపెట్టిన వేళకు, ఈ పుప్పొడి రాక పెరగడం మీకే కనిపించాలి. ఎండ ఎక్కువైనప్పుడు గుమ్మంలో నిలబడి రెక్కలు విసిరే ఈగలను చూడండి. సెరానా తల బయటికి పెట్టి గాలిని లోపలికి తోస్తుంది, మెల్లిఫెరా తల లోపలికి పెట్టి గాలిని బయటికి లాగుతుంది. పెట్టెలో ఏ జాతి ఉందో పది అడుగుల దూరం నుంచే చెప్పొచ్చు. పిల్లలున్న చోట వేడి 34, 35 డిగ్రీల దగ్గర ఉండాలని అంత పాట్లు పడుతుంటాయి. మీరు పావుగంట మూత తీసి ఉంచితే ఆ పాట్లన్నీ మొదటికి వస్తాయి. అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో కూడా వారం పది రోజులకోసారి తెరిస్తే ఎక్కువ. విడిపోయే కాలం కాకపోతే ఇంకా తక్కువ చాలు.

నురగ కట్టిన తేనె పులిసింది. మూత పడని అరల్లోంచి తీసి ఉంటారు. పూల నుంచి తెచ్చిన మకరందంలో ఎక్కువ భాగం నీళ్లే. ఈగలు దాన్ని నోటితో తిప్పి తిప్పి, రెక్కలతో ఆరబెట్టి, చిక్కబడ్డాకనే మైనం మూత వేస్తాయి. తేనెలో నీటి శాతం 20 దాటితే నిలవుండదని లెక్క, 18 కంటే తక్కువుంటే ఇంకా నిశ్చింత. సెరానా తేనె అసలే కాస్త పలచన. ఫ్రేములో ముప్పాతిక అరలకు మూత పడేదాకా ఆగండి. అనుమానముంటే ఫ్రేమును అడ్డంగా పట్టి ఒక్కసారి గట్టిగా అదిలించండి. చుక్కలు రాలితే వెనక్కి పెట్టేయండి. అన్నట్టు, ఏడాది నిండని పసిపిల్లలకు ఎంత మంచి తేనె అయినా నాకించకండి. అందులో ఉండగల, బొటులిజం అనే జబ్బు తెచ్చే బీజాలు వాళ్లకు ప్రమాదం.

కుట్టిన చోట రెండు రోజులు వాచడం మామూలే. కొండి చర్మంలో ఉండిపోయి విషపు తిత్తి ఇంకా పంపు చేస్తూనే ఉంటుంది కాబట్టి గోటితో గీకినా, పట్టి లాగినా సరే, క్షణాల్లో తీసెయ్యడం ముఖ్యం. అక్కడ మిగిలే వాసన పండిన అరటిపండు వాసనలా ఉంటుంది. అది మిగతా ఈగలకు దాడి పిలుపు. పొగ వేస్తే ఆ పిలుపు వాటికి అందదు, పైగా పొగ తగిలిన ఈగలు తేనె తాగే పనిలో పడతాయి. అయితే కుట్టిన చోట కాకుండా ఒళ్లంతా దద్దుర్లు లేచినా, నాలుక, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఇంటి వైద్యాలు పెట్టుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. దానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి, నిమిషాల వ్యవహారం. ఒక్కసారి అలా అయితే మాత్రం డాక్టరు సరేననేదాకా పెట్టె దగ్గరికి వెళ్లకండి.

పక్కింటివాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. ఈగలకు నీళ్లు కావాలి, దగ్గర్లో దొరికిన చోటికి వెళతాయి, ఒకసారి అలవాటు పడితే మానవు. మీ ఆవరణలో వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టండి, ఒక్కరోజు కూడా ఎండనివ్వకండి. మొదట్లో ఆ నీళ్లలో కాస్త చక్కెర కలిపితే అలవాటు పడతాయి, రెండు మూడు రోజుల్లో అది ఆపేయండి. పక్కింటివాళ్లను కూడా ఓ వారం తొట్టి మీద మూత వేయమని అడగండి. పెట్టె గుమ్మం వాళ్లింటి వైపు ఉంటే ముందు తలెత్తు తడికో, దట్టమైన మొక్కల వరసో ఉండాలి. ఈగలు పైకి లేచి తలల మీదుగా వెళ్లిపోతాయి. పెట్టెను ఉన్నపళంగా నాలుగు గజాలు పక్కకు జరిపితే మాత్రం మేతకు వెళ్లిన ఈగలన్నీ పాత చోటికే వచ్చి గిరికీలు కొడతాయి. ఇవన్నీ చేశాక మంచి తేనె వచ్చినప్పుడు ఒక సీసా పట్టుకెళ్లండి. నురగది కాదు.

మానెయ్యమంటారా అని అడిగారు. ఒళ్లు తట్టుకోకపోతే మానెయ్యమంటాను, వారానికి ఒక గంట కూడా దొరకకపోయినా మానెయ్యమంటాను. రెండు పెట్టెల్లో ఒకటి పోయిందని మాత్రం అనను. ఇన్నేళ్లలో ఒక్క పెట్టె కూడా పోని ఏడాది నాకు రాలేదు. ఖాళీ పెట్టెలోకి హడావిడిగా కొత్త ఈగలను మాత్రం తేకండి. ముందు ఈ రాణి కుదురుకోనివ్వండి. పూలు బాగా ఉన్న కాలంలో ఇదే పెట్టె రెండుగా పెరిగితే మీ ఖాళీ పెట్టె దానికదే నిండుతుంది.

ఇప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుని ఆ ఆదివారం తేదీ వేసి, 'మూడు రాణి గదులు, రెండింటికి మూత' అని రాయండి. దాని కింద 25వ రోజు తేదీ వేసుకోండి. ఆ రోజు పొద్దున ఎండ వచ్చాక తెరవండి. అర అడుగున ఒక్కొక్క గుడ్డే నిలబడి కనిపిస్తే నాకు ఒక్క ముక్క రాస్తే చాలు. కనపడకపోతే పెద్ద ఉత్తరమే రాయండి, ఈసారి తేదీలతో.